ఏ జట్టు ఆట ఎక్కువ కష్టం? ఒంటి కంటే ముందు నిబంధనలు చూడాలి

క్లుప్తంగా: జట్టు ఆటల్లో ఏది కష్టమన్న వాదన తెగకపోవడానికి కారణం, రెండు వేర్వేరు విషయాలను ఒకే త్రాసులో వేయడం. ఒంటికి పడే శ్రమ ఒకటి, ఆటకే పరిమితమైన పనితనం మరొకటి. శ్రమ ఎంతో, ఎలాంటిదో ప్రధానంగా నిర్ణయించేవి నిబంధనలు: ఆట ఎంతసేపు, మధ్యలో మనిషిని మార్చవచ్చా, గోల్ లేదా నెట్ ఎంత ఎత్తు, బంతి చేరేలోపు ఎంత సమయం. పనితనం లోతు తెలియాలంటే, ఎంత ఆలస్యంగా మొదలుపెట్టి కూడా పైస్థాయికి చేరవచ్చో చూడాలి.

పెద్ద టోర్నీ మొదలైందంటే చాలు, ఈ గొడవ మళ్లీ లేస్తుంది. ఫుట్‌బాలర్లు గంటన్నర పరిగెత్తుతారు కాబట్టి వాళ్లే అసలైన అథ్లెట్లని ఒకరు. ఎగిరి రింగులో బంతి దూర్చే బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల ముందు ఎవరూ పనికిరారని మరొకరు. క్రికెట్‌లో సగం మంది నిలబడే ఉంటారని ఒక ఎత్తిపొడుపు. ఏడుగురి మధ్యకు ఒక్కడే వెళ్లే కబడ్డీ సంగతేమిటని దానికి జవాబు. ఇందులో ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. కాకపోతే ఒక్కొక్కరు కొలుస్తున్నది ఒక్కొక్కటి.

మార్కులు వేసి కూడితే ఏం తేలుతుంది?

2004లో అమెరికా క్రీడా ఛానల్ ఈఎస్‌పీఎన్ 60 క్రీడలను బేరీజు వేయించింది. దమ్ము, బలం, ఒక్కసారిగా విసురుగా కదిలే శక్తి, వేగం, చురుకు, ఒళ్లు వంగే గుణం, తెగువ, దెబ్బలకు ఓర్చుకోవడం, కంటికీ చేతికీ పొందిక, ఆటను చదివే తెలివి అనే పది అంశాలకు నిపుణులు మార్కులు వేశారు. అన్నీ కూడితే బాక్సింగ్ మొదటి స్థానంలో నిలిచింది. జట్టు ఆటల్లో ఐస్ హాకీ అన్నింటికంటే పైన వచ్చింది. చేపలు పట్టడం అట్టడుగున మిగిలింది.

ఇలాంటి పట్టికలు చదవడానికి సరదాగా ఉంటాయి కానీ లెక్కలోనే లొసుగు ఉంది. పది గుణాలకూ సమాన విలువ ఇచ్చి కూడితే, అన్నీ కాస్త కాస్త అడిగే ఆట పైకి వస్తుంది, ఒక్కటే విపరీతంగా అడిగే ఆట కిందికి పోతుంది. వేగంగా వచ్చే బంతిని బ్యాట్‌తో కొట్టడం పదింటిలో ఒకటి రెండు గుణాలనే అడుగుతుంది. చాలామంది దాటలేని గోడ కూడా ఆ ఒకటి రెండే.

ఇంకో లొసుగు, ఆట మొత్తానికీ ఒకే మార్కు వేయడం. రగ్బీ స్క్రమ్ ముందు వరుసలో మెడ, భుజాలు ఒడ్డి తోసే ప్రాప్‌కూ, గీత పక్కనే పరుగు తీసే వింగర్‌కూ జెర్సీ తప్ప ఉమ్మడిగా ఉండేది తక్కువ. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ముందు వరుసలో ఢీకొనే 140 కిలోల లైన్‌మన్, ప్రత్యర్థి వెంట పరిగెత్తే 85 కిలోల కార్నర్‌బ్యాక్ ఒకే జట్టు సభ్యులు. వారి సగటు తీస్తే వచ్చే మనిషి ఏ స్థానంలోనూ పనికిరాడు.

గడియారం, బెంచీ: దమ్మును నిర్ణయించేవి ఇవే

కండరాలకు ఇంధనం మూడు దారుల్లో అందుతుంది. మొదటి కొన్ని సెకన్ల విసురుకు కండరంలో నిల్వ ఉన్న క్రియాటిన్ ఫాస్ఫేట్ ఖర్చవుతుంది. పూర్తి వేగంతో పది సెకన్లు పరిగెత్తేసరికి అది బాగా తరిగిపోతుంది. ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాల దాకా ఆక్సిజన్ అవసరం లేకుండా చక్కెరను విడగొట్టే పద్ధతి ముందుంటుంది. కాళ్లు బరువెక్కి మండుతున్నట్టు అనిపించేది ఈ దశలోనే. దీర్ఘకాలం సాగే పనికి ఆక్సిజన్‌తో నడిచే మూడో దారే ఆధారం. మూడూ ఎప్పుడూ కలిసే పనిచేస్తాయి, పాళ్లు మాత్రం మారుతుంటాయి.

ఇక్కడ గమనించాల్సింది తిరిగి నింపుకునే వేగం. ఖర్చయిన క్రియాటిన్ ఫాస్ఫేట్ సగం మేర కోలుకోవడానికి సుమారు అర నిమిషం, దాదాపు పూర్తిగా నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ నింపే పని చేసేది ఆక్సిజన్ దారి. అందుకే పరుగు పందెంలో ఒక్కసారి గెలిచే వేగం వేరు, అదే వేగాన్ని నలభైసార్లు తిరిగి చూపించడం వేరు. జట్టు ఆటల్లో ఎక్కువ భాగం అడిగేది రెండోదాన్ని.

దీన్ని నిబంధనలతో కలిపి చూస్తే చిత్రం స్పష్టమవుతుంది. ఫుట్‌బాల్‌లో 90 నిమిషాల ఆట, సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు మైదానం, పరిమిత మార్పిళ్లు, బయటికి వెళ్లినవాడు మళ్లీ రాకూడదు. ఫలితంగా పైస్థాయి ఆటగాడు ఒక మ్యాచ్‌లో 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. అందులో సింహభాగం నడక, నెమ్మది పరుగే. పూర్తి వేగపు పరుగు మొత్తం మీద కొన్ని వందల మీటర్లు ఉంటుంది. అయితే మ్యాచ్ ఫలితాన్ని తేల్చేది తరచుగా ఆ కొన్ని వందల మీటర్లే. 80వ నిమిషంలో డిఫెండర్ రెండడుగులు వెనకబడటానికి కారణం, అంతకుముందు 79 నిమిషాల్లో కోలుకునే వ్యవధి సరిపోకపోవడం.

ఐస్ హాకీ దీనికి పూర్తిగా ఎదురు కొస. ఆట నడుస్తుండగానే ఎన్నిసార్లయినా మనుషులను మార్చవచ్చు. అందుకే ఒక ఆటగాడు సుమారు 40 నుంచి 50 సెకన్లు ఒంట్లో ఉన్నదంతా ఊడ్చిపెట్టి స్కేటింగ్ చేస్తాడు, బెంచీ మీదికి వచ్చి కొన్ని నిమిషాలు ఊపిరి పీల్చుకుంటాడు, మళ్లీ దిగుతాడు. 60 నిమిషాల మ్యాచ్‌లో ఫార్వర్డ్ మంచు మీద ఉండేది 15 నుంచి 20 నిమిషాలు. వ్యవధి తక్కువని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 45 సెకన్ల పూర్తి విసురు పైన చెప్పిన రెండో దారిని ప్రతిసారీ చివరంటా పిండేస్తుంది. ఇలా ఒక్కసారి దిగి ఆడే వ్యవధి (షిఫ్ట్) నిమిషం దాటితే కాళ్లు మాట వినవు. గోల్ పడే తప్పులు జరిగేది అప్పుడే.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్కో విడత ఆట (ప్లే) నాలుగు నుంచి ఏడు సెకన్లలో ముగుస్తుంది. తర్వాతిది మొదలయ్యేలోపు అర నిమిషం పైగా విరామం దొరుకుతుంది. గంట ఆటలో బంతి కదలికలో ఉండేది సుమారు 11 నిమిషాలేనని లెక్కలున్నాయి. పైగా 1950 నుంచి ఆ ఆట అగ్ర లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మార్పిళ్లకు హద్దు లేదు. కాబట్టి దమ్ము కంటే బరువు, విసురు పనికొస్తాయి. అంత భారీ శరీరాలు అక్కడ పెరగడానికి తిండి కంటే పెద్ద కారణం ఈ నిబంధనే. అదే లైన్‌మన్‌ను 80 నిమిషాల రగ్బీలో దింపితే పావుగంటకే చతికిలపడతాడు.

వాటర్ పోలో గురించి ఈ వాదనల్లో మాట్లాడేవారు తక్కువ. ఎనిమిదేసి నిమిషాల నాలుగు భాగాలు, అడుగు నేలకు ఆనకూడదు, గోల్‌కీపర్ తప్ప మిగిలినవారు బంతిని ఒక్క చేత్తోనే పట్టాలి. నీళ్లలో నిటారుగా నిలవడానికి రెండు కాళ్లనూ చిలికినట్టు వ్యతిరేక దిశల్లో తిప్పుతూనే ఉండాలి. నిలబడటానికే పని చేయాల్సిన ఆట ఇంకొకటి వెతికినా దొరకడం కష్టం.

ముప్పై సెకన్ల కూత

కబడ్డీలో ఒక్క రైడ్‌ను దగ్గరగా చూస్తే ఈ లెక్కలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నడి గీత నుంచి 3.75 మీటర్ల దూరంలో రైడర్ దాటాల్సిన బాక్ గీత, దానికి మరో మీటరు అవతల బోనస్ గీత. రైడర్‌కు ఉన్నది 30 సెకన్లు, అదీ కూత ఆపకుండా. కూత అంటే ఊపిరి వదులుతూ ఉండటమే. అంటే కండరాలు ఆక్సిజన్ అడిగే సమయంలోనే లోపలికి తీసుకునే దారి మూతపడుతుంది.

ఎదుట కనీసం ఆరుగురు ఉన్నప్పుడు బోనస్ పాయింటుకు వీలుంటుంది. అది దక్కాలంటే ఒక కాలు గీత దాటాలి, వెనక కాలు గాలిలో ఉండాలి. ఆ లిప్తపాటు రైడర్ ఒంటికాలి మీద, బరువంతా ముందుకు వేసి, ప్రత్యర్థుల లోతట్టులో ఉంటాడు. మూలన ఉన్న డిఫెండర్ కాచుకునేది సరిగ్గా ఆ క్షణం కోసం. ముందు కాలు నేలకు ఆనగానే మడమ పట్టు వేస్తే, బరువు వెనక్కి మళ్లకముందే రైడర్ చిక్కుతాడు. అర క్షణం తొందరపడితే ఆ చేతినే తాకి రైడర్ వెనక్కి జారుకుంటాడు. డిఫెండర్ బలవంతుడే అయినా వేళ తప్పితే ఆ బలం వృథా. రైడర్ ఎంత వేగస్థుడైనా బరువు ముందుకు వేసి తిప్పుకోలేకపోతే ఔటే. ఇక్కడ బలాన్నీ, వేగాన్నీ, పనితనాన్నీ విడదీసి మార్కులు వేయడం కుదిరే పని కాదు.

అర సెకను సమస్య

కంటికి కనిపించినదానికి మనిషి స్పందించడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. ఎంత సాధన చేసినా ఇది పెద్దగా తగ్గదు. ఇప్పుడు బంతుల సంగతి చూద్దాం. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతి బౌలింగ్ క్రీజు వైపు నుంచి బ్యాటర్‌ను చేరడానికి సుమారు అర సెకను. 150 కిలోమీటర్ల బేస్‌బాల్ పిచ్‌కు 0.4 సెకను. 11 మీటర్ల నుంచి 100 కిలోమీటర్ల వేగంతో తన్నిన ఫుట్‌బాల్ పెనాల్టీకీ దాదాపు అంతే. హ్యాండ్‌బాల్‌లో పెనాల్టీ లాంటి 7 మీటర్ల త్రో అదే వేగంతో వస్తే గోల్‌కీపర్‌కు దక్కేది పావు సెకను.

బ్యాట్ తిప్పడానికే 0.15 సెకను పోతుంది. కాబట్టి బంతిని చివరిదాకా చూసి కొడతారన్నది మాటవరసకే. 2000లో పరిశోధకులు మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లాయిడ్ బ్యాటర్ల కంటి కదలికలను కొలిచి చూశారు. బంతి చేయి వదిలినప్పుడు చూపు దాని మీద ఉంటుంది, ఆ వెంటనే అది పిచ్ మీద పడబోయే చోటికి ముందే దూకుతుంది. మంచి బ్యాటర్ చూపు ఆ చోటికి తొందరగా చేరుతుంది. ఆ అంచనాకు ముడిసరుకు బౌలర్ మణికట్టు, భుజం, పరుగు తీరు. అవి వేల బంతులు ఆడితే గానీ కంటికి పట్టుబడవు.

ఈ జ్ఞానం పక్క ఆటకు కూడా బదిలీ కాదనడానికి 2004లో ఒక ప్రదర్శన మ్యాచ్ రుజువు చూపించింది. బేస్‌బాల్‌ను పోలిన సాఫ్ట్‌బాల్‌లో పిచర్ (బంతి విసిరే ఆటగత్తె) అయిన జెన్నీ ఫించ్ కింది నుంచి విసిరిన బంతులకు బేస్‌బాల్ అగ్ర స్థాయి మేజర్ లీగ్ బ్యాటర్ ఆల్బర్ట్ పూహోల్స్ ఔటయ్యాడు. మరుసటి ఏడాదే నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైన మనిషి అతను. సాఫ్ట్‌బాల్‌లో దూరం 13 మీటర్లే, వేగం కూడా తక్కువే, కాబట్టి స్పందించే సమయం బేస్‌బాల్‌కు దగ్గరగానే ఉంటుంది. ముఖ్యంగా మారినది చేయి తిరిగే తీరు. కళ్లకు అలవాటైన ఆనవాళ్లు లేకపోయేసరికి మిగిలిన ప్రతిభ అక్కరకు రాలేదు.

ఇంకా పెద్ద ఉదాహరణ మైకేల్ జోర్డన్. బాస్కెట్‌బాల్ శిఖరం మీద ఉండగా విరమించి, 1994లో బర్మింగ్‌హామ్ బారన్స్ తరఫున మేజర్ లీగ్‌కు కింది శ్రేణి బేస్‌బాల్ ఆడాడు. 127 మ్యాచ్‌ల్లో బ్యాటింగ్ సగటు .202, అంటే లెక్కలోకి వచ్చే ప్రతి వంద అవకాశాల్లో హిట్లు ఇరవయ్యే. 114 సార్లు స్ట్రైక్ ఔట్, అంటే బంతిని సరిగా కొట్టలేక ఔట్. అదే సీజన్‌లో 30 బేస్‌లు దొంగిలించాడు కూడా, అంటే సహచరుడు బంతి కొట్టేదాకా ఆగకుండా తర్వాతి బేస్‌కు పరిగెత్తి చేరాడు. కాళ్లు పనిచేశాయి, కళ్లు పనిచేయలేదు. ఒంటి శక్తికీ, ఆట పనితనానికీ తేడా చెప్పే గణాంకాలు ఇంతకంటే స్పష్టంగా ఉండవు.

ఆలస్యంగా వచ్చినా నెగ్గగలరా?

ఆటల పనితనాన్ని తూచడానికి ఒక మోటు పరీక్ష ఉంది. ఎంత పెద్ద వయసులో మొదలుపెట్టి కూడా అగ్రస్థాయికి చేరిన ఉదాహరణలు ఉన్నాయో చూడటమే ఆ పరీక్ష.

జోర్డన్ మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడుతూ పెరిగాడు. 2018లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ఫిలడెల్ఫియా ఈగల్స్ తీసుకునేనాటికి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. 6 అడుగుల 8 అంగుళాల ఎత్తు, భారీ శరీరం, అంత బరువుకు అరుదైన పాద చలనం. కొన్నేళ్ల శిక్షణతో లైన్‌లో స్థిరపడి 2025లో లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాడు. అదే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ స్థానానికి ఇలాంటి దారి లేదు. ఎదుటి రక్షణ వ్యూహాన్ని రెండు మూడు సెకన్లలో చదవడం చిన్ననాటి నుంచి అబ్బాల్సిన విద్య.

బాస్కెట్‌బాల్‌లోనూ ఎత్తు కొంత గడువు ఇస్తుంది. రింగు 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది, అమెరికా అగ్ర లీగ్ ఎన్‌బీఏ ఆటగాళ్ల సగటు ఎత్తు రెండు మీటర్లకు కాస్త తక్కువ. హకీమ్ ఒలాజువాన్ హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ ఆడి, పదిహేనేళ్ల ప్రాయంలో బాస్కెట్‌బాల్‌కు వచ్చి తన జట్టుకు 1994, 1995 ఎన్‌బీఏ టైటిళ్లు గెలిపించాడు. అయితే ఆలస్యంగా వచ్చి వెలిగినవారిలో రింగు దగ్గర ఆడే బాగా పొడవైన సెంటర్లే ఎక్కువ. బంతిని నడిపించే గార్డులలో అలాంటివారు కనబడరు.

ఫుట్‌బాల్ విషయంలో తలుపు దాదాపు మూసే ఉంటుంది. 100 మీటర్లను 9.58 సెకన్లలో పరిగెత్తిన ఉసేన్ బోల్ట్ 2018లో ఆస్ట్రేలియా క్లబ్ సెంట్రల్ కోస్ట్ మెరైనర్స్‌తో శిక్షణ పొందాడు. ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో రెండు గోల్స్ కూడా కొట్టాడు. పూర్తిస్థాయి ఒప్పందం మాత్రం కుదరలేదు. మరోవైపు 170 సెంటీమీటర్ల లియొనెల్ మెస్సీ మైదానంలో చాలాసేపు నడుస్తూనే కనిపిస్తాడు. ఎప్పుడు, ఎటు పరిగెత్తాలో తెలిసినవాడికి అంతా పరిగెత్తాల్సిన పని లేదు.

రెండు ఆటల్లోనూ అంతర్జాతీయ స్థాయికి చేరినవారు లేరని కాదు. ఎలిస్ పెర్రీ 2007లో 16 ఏళ్లకే ఆస్ట్రేలియా తరఫున క్రికెట్, ఫుట్‌బాల్ రెండూ ఆడింది, 2011 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో గోల్ కొట్టింది. కానీ ఆమె ఒకదాని నుంచి మరోదానికి మారలేదు, రెండింటితోనూ పెరిగింది.

ఈ పరీక్షకూ ఒక పరిమితి ఉంది. ఫిఫాలో 211 సభ్య సంఘాలున్నాయి. అంతమంది పోటీపడే ఆటలో పైకి రావడం కష్టమవడానికి సగం కారణం ఆట స్వభావం, సగం కారణం రద్దీ. కొద్ది దేశాలే ఆడే ఆటలో తలుపు తెరిచి ఉందంటే ఆట సులువని కాదు, వరుస చిన్నదని కూడా కావచ్చు.

గాయాలు చెప్పే నిజం

ఏ ఆట ఒంటిలో దేన్ని అరగదీస్తుందో తెలుసుకోవడానికి గాయాల జాబితా చూస్తే సరిపోతుంది. ఫుట్‌బాల్‌లో ఎక్కువగా పట్టేసేది తొడ వెనక కండరం. పూర్తి వేగంలో కాలు ముందుకు చాచినప్పుడు అది సాగుతూనే బలం ప్రయోగించాలి, అలిసినప్పుడు అక్కడే తెగుతుంది. హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్‌లో మోకాలిని పట్టి ఉంచే ముఖ్యమైన లిగమెంట్ ఏసీఎల్ తెగడం తరచుగా ఎవరూ తాకకుండానే జరుగుతుంది. ఎగిరి దిగేటప్పుడో, ఒక్కసారిగా దిశ మార్చేటప్పుడో మోకాలు లోపలికి వాలడమే కారణం. వాలీబాల్‌లో మోకాలి చిప్ప కింది స్నాయువు నొప్పి మామూలే. సాధనతో కలిపి వందల ఎగుళ్ల భారం దాని మీదే పడుతుంది.

నిలబడే ఆటగా పేరుపడిన క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్ ముందు కాలు నేలకు తగిలినప్పుడు శరీర బరువుకు ఐదు రెట్లు, కొన్నిసార్లు అంతకు మించి తాకిడి ఉంటుంది. అదే క్షణంలో నడుము పక్కకు వంగి మెలి తిరుగుతుంది. అందుకే యువ బౌలర్లకు వెన్నుపూస కింది భాగంలో, బంతి వేసే చేతికి ఎదురు వైపున, సన్నని పగుళ్లు వస్తాయి. ఎదిగే వయసులో ఓవర్లకు హద్దు పెట్టేది ఇందుకే. బేస్‌బాల్ పిచర్‌కు అదే భారం మోచేతి లోపలి లిగమెంట్ మీద పడుతుంది.

నిబంధన మారితే ఒళ్లూ మారుతుంది

1992లో ఫుట్‌బాల్‌లో, సహచరుడు కావాలని కాలితో ఇచ్చిన పాస్‌ను గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదన్నారు. అప్పటిదాకా చేతులే ఆయుధమైన స్థానానికి కాళ్ల పని అవసరమైంది, నేడు పాస్ ఇవ్వలేని గోల్‌కీపర్‌ను పెద్ద క్లబ్బులు తీసుకోవు. 1998లో అంతర్జాతీయ వాలీబాల్‌లోకి లిబెరో, అంటే వెనక వరుసలో రక్షణకే పరిమితమైన ఆటగాడు వచ్చాడు. నెట్ ఎత్తు పురుషులకు 2.43 మీటర్లు కావడంతో పొడగరులతో నిండిపోయిన ఆటలో, నేల మీద బంతి లేపగల పొట్టి ఆటగాళ్లకు అలా చోటు దొరికింది.

ఫుట్‌బాల్‌లో ఇప్పుడు నడుస్తున్న మార్పు మరింత ఆసక్తికరం. 2020లో తాత్కాలికంగా వచ్చి, తర్వాత శాశ్వతమైన ఐదు మార్పిళ్ల నిబంధనతో గోల్‌కీపర్‌ను మినహాయిస్తే సగం జట్టును కొత్తగా దింపవచ్చు. చివరి 30 నిమిషాలు తాజా కాళ్లతో ప్రత్యర్థి మీదికి ఎగబడవచ్చు. ఇది ఆటను కొద్దికొద్దిగా ఐస్ హాకీ వైపు లాగుతోంది. మరోపక్క 2022 ప్రపంచకప్ నుంచి వృథా అయిన సమయాన్ని రెఫరీలు కచ్చితంగా కలపడం మొదలుపెట్టడంతో కొన్ని మ్యాచ్‌లు 100 నిమిషాలు దాటుతున్నాయి. మొదటి మార్పు దమ్ము అవసరాన్ని తగ్గిస్తుంటే, రెండోది పెంచుతోంది. కోచ్‌లు సాధారణంగా మార్చడానికి ఇష్టపడని సెంటర్ బ్యాక్‌లు (మధ్యలో కాపుకాసే డిఫెండర్లు), గోల్‌కీపర్ మాత్రం ఆ అదనపు నిమిషాలన్నీ తామే మోయాలి, అదీ తాజాగా దిగిన ఫార్వర్డ్‌లను ఎదుర్కొంటూ.